పది కిలోల తేడా: యువ కథకుడికి ఒక ఉత్తరం

హైదరాబాద్

తమ్ముడూ,

నీ కథ అందింది. మలక్‌పేట రేస్ కోర్స్ దగ్గర ఇరానీ హోటల్లో ఇద్దరు ముసలాళ్ళు కూర్చుని, ఎప్పుడో 1973లో ఇంగ్లండులో జరిగిన గ్రాండ్ నేషనల్ అనే కంచెలు దూకే గుర్రప్పందెం గురించి చాయ్ చల్లారిపోయేదాకా కొట్లాడుకుంటారు. ఈ ఊహ బాగుంది. మొదటి రెండు పేజీలు ముట్టుకోకు. గొడవ మొదలయ్యాకే కథ జారింది. ముందు పరిగెత్తిన క్రిస్ప్ అనే గుర్రం చివర్లో రెడ్ రమ్ చేతిలో ఓడిపోయింది జాకీ తప్పువల్లా, దమ్ము చాలకా అని ఇద్దరూ పేజీల కొద్దీ అరుచుకుంటారు గానీ, ఆ దమ్ము ఎక్కడ ఎంత ఖర్చయిందో ఒక్కరూ చెప్పరు. రేసులకు అలవాటుపడ్డవాళ్ళు అలా మాట్లాడరు. వాళ్ళ నోట ముందు వచ్చేది గుర్రం మోసిన బరువు, తర్వాత దూరం, ఆ తర్వాత నేల. తిట్లు చివర్న.

నీ కన్ను మలక్‌పేటకి అలవాటుపడింది. అక్కడ పరిగెత్తేవన్నీ కంచెలు లేని ఫ్లాట్ రేసులు. 1200 మీటర్లంటే డెబ్భై సెకన్ల చిల్లర. గేట్లు తెరుచుకుంటాయి, మలుపు తిరుగుతాయి, స్టాండు ముందుకొచ్చేసరికి తేలిపోతుంది. అదే ఊపు తెచ్చి కంచెలు దూకే స్టీపుల్‌చేజ్‌కి తొడిగావు. "గేట్లు ధడాలున తెరుచుకున్నాయి" అన్న వాక్యం కొట్టెయ్. అక్కడ గేట్లుండవు, అడ్డంగా కట్టిన టేపు లేస్తుంది. నాలుగు మైళ్ళ పైచిలుకు దూరం, రెండు చుట్లు, 30 దూకుళ్ళు. కంచెలు 16 అయితే అందులో 14 రెండేసిసార్లు దాటాలి; చైర్, వాటర్ జంప్ అనే రెండూ ఒక్కోసారే. చివరి కంచె దాటాక ఇంకా 494 గజాలు మిగిలి ఉంటాయి, అంటే దాదాపు 450 మీటర్లు. తొమ్మిది నిమిషాలు పరిగెత్తిన గుర్రానికి అది ఎంత పొడుగో నీ పాఠకుడికి తెలియాలి. నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

జాకీ కూర్చునే తీరు కూడా మారుతుంది. ఫ్లాట్‌లో రికాబులు బాగా పొట్టిగా కట్టుకుని గుర్రం వీపు మీద గొంతుక్కూర్చుంటారు. దూకే రేసుల్లో రికాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి, లేకపోతే దిగే అదురుకి మనిషి నిలవడు. బీచర్స్ బ్రూక్ అనే కంచె లాంటి చోట దిగే వైపు నేల ఎక్కే వైపు కన్నా పల్లం. గుర్రం ముక్కు కిందికి పోతున్నప్పుడు జాకీ వెనక్కి వాలి, పాదాలు ముందుకి తన్నిపెట్టి, వేళ్ళు వదులు చేసి పగ్గాలు జారనివ్వాలి. పట్టుకుని కూర్చుంటే గుర్రం తల చాచలేక ముందుకి బోర్లాపడుతుంది, లేదా మనిషే దాని మెడ మీదుగా ఎగిరిపోతాడు. జారిన పగ్గాలు మళ్ళీ కూడదీసుకోవడానికి కొన్ని అంగలు పడతాయి, ఆ కాసేపూ గుర్రం దాదాపు తన ఇష్టమే. ఇదంతా మూడు వాక్యాల్లో రాయొచ్చు. "అద్భుతంగా దూకించాడు" అని నాలుగుసార్లు రాసిన చోట ఇది ఒక్కసారి పెట్టు, చాలు.

ఇక దమ్ము సంగతి. దౌడు తీస్తున్న గుర్రం అంగకొక ఊపిరి పీలుస్తుంది. కాళ్ళ లయే ఊపిరి లయ. కంచె దగ్గర ఆ లయ తెగుతుంది. దిగాక మళ్ళీ అందుకోవాలి. అందుకే మంచి దూకుడు, చెడ్డ దూకుడు అన్నది చూడ్డానికి అందంగా ఉందా లేదా అన్న విషయం కాదు. ఎక్కడ నేల వదలాలో జాకీ నాలుగైదు అంగల ముందే చూసుకుంటే గుర్రం వేగం తగ్గకుండా దాటేస్తుంది. లెక్క తప్పి కంచెకి మరీ దగ్గరికి వచ్చేస్తే, కాళ్ళు కూడదీసుకుని నిట్టనిలువుగా లేవాలి. వేగం చచ్చిపోతుంది, మళ్ళీ మొదట్నుంచి తెచ్చుకోవాలి. మరీ దూరం నుంచి లేస్తే కంచె పైభాగం పొట్టకి తగులుతుంది. ముప్పైసార్లలో ఐదారుసార్లు ఇలా అయితే గుర్రం చివర్లో ఎందుకు తూలిందో వేరే వెతకక్కర్లేదు. నీ ముసలాళ్ళు వేర్వేరుగా పెట్టుకుని కొట్లాడుతున్న రెండూ కలిసేది ఇక్కడే: జాకీ ఎత్తుగడ అంటేనే దమ్ము ఎక్కడ ఖర్చుపెట్టాలన్న లెక్క.

అన్నట్టు ఐదో పేజీలో "నోరు తెరిచి గాలి మింగుతూ" అన్నావు. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కుతోనే. నోరు తెరిచిందంటే కళ్ళెం ఇబ్బంది పెడుతోందని అర్థం. అలసట చూపించాలంటే తోక గిరగిర తిప్పడం, తల పైకెత్తడం, గీత తప్పి పక్కకి ఒరగడం, కంచెల మీద కాళ్ళు రాసుకుంటూ దూకడం రాయి.

ఇప్పుడు నీ ఇద్దరికీ ఆయుధాలు ఇద్దాం. మొదటాయన క్రిస్ప్ పక్షం. ఆయన దగ్గర బరువు ఉంది. క్రిస్ప్ 12 స్టోన్లు మోసింది, అంటే 76 కిలోలు. రెడ్ రమ్ 10 స్టోన్ల 5 పౌన్లు, 66 కిలోలకి కాస్త తక్కువ. తేడా 23 పౌన్లు, పది కిలోల పైమాటే. మన రేస్ బుక్కులో బరువులు కిలోల్లో ఉంటాయి కాబట్టి మలక్‌పేట మనిషి నోట కిలోలే రానీ. స్టోన్లంటే పాఠకుడు ఆగిపోతాడు. దూరపు దూకే రేసుల్లో పౌనుకి ఒక లెంగ్త్, అంటే ఒక గుర్రం పొడవు, అని పాత లెక్క ఒకటుంది. ఆ లెక్కన క్రిస్ప్ 23 లెంగ్త్‌లు ఎదురిచ్చి ముప్పావు లెంగ్త్ తేడాతో ఓడింది. ఇంకో సంగతి నువ్వు అసలు వాడుకోలేదు. మూడోది లెస్కార్గో, అదీ 12 స్టోన్లే మోసింది. క్రిస్ప్‌కి 25 లెంగ్త్‌లు వెనక వచ్చింది. సమాన బరువున్న గుర్రాన్ని అంత దూరంలో వదిలేసినదానికి దమ్ము లేదనడం ఎలా? మొదటాయన ఈ ప్రశ్న వేసి చాయ్ తాగాలి.

రెండో ఆయన ఊరికే ఉండడు. క్రిస్ప్ 1971లో చెల్టెనామ్‌లో రెండు మైళ్ళ చాంపియన్ చేజ్ గెలిచిన గుర్రం. రెండు మైళ్ళ గుర్రాన్ని నాలుగు మైళ్ళ పైన అంత ముందుకి వదులుతారా అంటాడు. దానికి జవాబు కూడా ఉంది: ముందుండి దూకడం మరిగిన గుర్రాన్ని పట్టి ఆపితే కళ్ళెంతో పెనుగులాడి అక్కడే సగం అరిగిపోతుంది. వదిలితే తన లయలో దూకుతుంది. క్రిస్ప్ జాకీ రిచర్డ్ పిట్‌మన్ వదిలాడు. వదలడం తప్పని నేననుకోను. పాత రికార్డు దాదాపు 9 నిమిషాల 20 సెకన్లు. ఆ రోజు రెడ్ రమ్ 9 నిమిషాల 1.9 సెకన్లకి గీత దాటింది. పద్దెనిమిది సెకన్లకి పైగా తేడా! అంత వేగంగా పరిగెత్తక తప్పని పరిస్థితి తెచ్చింది ముందున్న క్రిస్పే.

తప్పు ఇంకా చివర్లో ఉంది, నీ కథలో అది లేదు. "కొరడా దెబ్బతో కొత్త శక్తి వచ్చింది" అని దానికి సరిగ్గా వ్యతిరేకం రాశావు. చివరి కంచె తర్వాత ఎల్బో అని ఒక వంపు ఉంది. అక్కడ కంచె గీతనుంచి కుడికి జరిగి రెయిలింగు పక్కగా పోవాలి. పిట్‌మన్ కుడిచేత్తో కొరడా ఎత్తాడు. అలసిన గుర్రం దెబ్బకి దూరంగా, ఎడమకి ఒరిగింది. మళ్ళీ దాన్ని సరిచేసేలోపు బ్రయన్ ఫ్లెచర్ రెడ్ రమ్ మీద వచ్చేశాడు. తప్పు తనదేనని పిట్‌మనే తర్వాత ఒప్పుకున్నాడు. దీన్ని మాటల్లో వివరిస్తే పాఠకుడి తల తిరుగుతుంది కాబట్టి రెండో ఆయన చేత టేబుల్ మీద అగ్గిపెట్టె అడ్డంగా పెట్టించు, అదే రెయిలింగు. చాయ్ చెంచా గుర్రం. మాటలు ఇంతే చాలు:

"కుడిచేత్తో కొట్టిండు. గుర్రం ఏడికి పోతది? ఎడమకి. పోవాల్సిందేమో కుడికి."

"గింత దానికే ఓడిందా?"

"ముప్పావు లెంగ్త్ భాయ్. గింత దానికే."

కొరడా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. బ్రిటన్‌లో దూకే రేసుల్లో ఏడు దెబ్బలకి మించకూడదన్న నియమం 2023 నాటిది. నీ పాత్రలు ఇవాళ్టి హోటల్లో కూర్చున్నారు కనుక దాన్ని తెలిసినట్టు మాట్లాడొచ్చు గానీ, 1973కి అతికించి పిట్‌మన్‌ని దోషిని చేయకూడదు. గ్రాండ్ నేషనల్‌లో పరిగెత్తే గుర్రాల సంఖ్య 34కి తగ్గించిందీ 2024లోనే. డెవన్ లాక్ అనే గుర్రం కథ మొత్తం తీసెయ్. 1956లో గెలుపు గీత ముందర అది ఎందుకు కూలబడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కారణం తెలియనిది ఈ వాదనకి పనికిరాదు.

తిరగరాసే ముందు ఆ రేసు వీడియో మూడుసార్లు చూడు. మొదటిసారి క్రిస్ప్ ఒక్కదాన్నే. రెండోసారి ఫలితం మరిచిపోయి రెడ్ రమ్ ఒక్కదాన్నే. వెంటపడింది అదొక్కటే అని, ఫ్లెచర్ ఆ పని మానేసుంటే వాదనే లేదని అప్పుడు తెలుస్తుంది. మూడోసారి స్టాప్‌వాచ్ పట్టుకో. కాగితం మీద కంచెకొక గీత చొప్పున గీసి, రెండు గుర్రాల మధ్య ఎన్ని సెకన్లో ప్రతి గీత పక్కనా వేసుకో. కెమెరా మారినప్పుడు కొన్ని దొరకవు, వదిలెయ్, ఊహించి నింపకు. ఆ అంకెలన్నీ నీకోసం; కథలోకి రెండో మూడో వస్తే ఎక్కువ. ఫలితం తెలిసి చూసేవాడికి ఓడినవాడు చేసిన ప్రతి పనీ తప్పులాగే కనిపిస్తుంది. నీ రెండో ముసలాయన అలాగే మాట్లాడుతున్నాడు, నువ్వూ ఆయనతో పాటే కొట్టుకుపోయావు.

రెడ్ రమ్‌ని "దూరాలకే పుట్టిన జాతి" అన్నావు చూడు, అదీ మార్చు. 1967లో రెండేళ్ళ పిల్లగా, గ్రాండ్ నేషనల్ జరిగే అదే ఎయింట్రీలో ఐదు ఫర్లాంగుల ఫ్లాట్ రేసులో ఇంకో గుర్రంతో సమానంగా మొదటి స్థానంలో వచ్చింది. ఐదు ఫర్లాంగులంటే వెయ్యి మీటర్లు, మలక్‌పేటలో అది స్ప్రింట్.

చివర్లో ఇద్దరూ రాజీపడి కౌగిలించుకోవడం తీసెయ్. మొదటాయన చేతిలో ఒక ముక్క మిగిలే ఉంది: అదే ఏడాది నవంబరులో డాంకాస్టర్‌లో సమాన బరువులతో క్రిస్ప్ రెడ్ రమ్‌ని ఎనిమిది లెంగ్త్‌ల తేడాతో ఓడించింది. రెండో ఆయన చేతిలో ఇంకోటి: 1974లో రెడ్ రమ్ 12 స్టోన్లు మోస్తూ నేషనల్ మళ్ళీ గెలిచింది. రెండూ టేబుల్ మీద పడ్డాక ఎవరో ఒకరు ఇంకో చాయ్ చెప్తారు. అక్కడ ఆపు. తిరగరాసింది నెలాఖరులోగా పంపు, కాగితం మీద వేసుకున్న ఆ అంకెలు కూడా జతచెయ్, సరిచూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య