షేక్‌హ్యాండ్‌తో డేటా పంపడం నిజంగా అయ్యే పనేనా?

ఒంట్లోంచి డేటా పంపుతారట, షాక్ కొట్టదా, అసలు బ్లూటూత్ ఉండగా ఇదెందుకు అని అడిగారు. అవుతుంది, కొత్తదీ కాదు. ఐబీఎంలో పనిచేసిన థామస్ జిమ్మర్‌మన్ 1996లోనే, ఇద్దరు చేయి కలిపితే విజిటింగ్ కార్డు వివరాలు ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లేలా చేసి చూపించాడు. స్పీడు సెకనుకు 2,400 బిట్లు. ఫొటో పంపాలంటే ఇద్దరూ చేతులు పట్టుకుని అలా నిలబడిపోవాల్సిందే!

షాక్ భయం అక్కర్లేదు. అందులో ఒంట్లోంచి పోయేది పికోఆంపుల్లో, అంటే ఆంపులో లక్ష కోట్లవ వంతుల్లో ఉండే కరెంటు. కొవ్వు శాతం చూపించే బరువు మిషన్ ఎక్కితే అంతకన్నా చాలా ఎక్కువే పోతుంది.

ఈసీఈలో ఫైనలియర్ ప్రాజెక్టుగా మేం చేసింది ఇదే. రెండు ఆర్డుయినో బోర్డులు (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్లు), చేతికి అంటించుకునే రాగి రేకు ముక్కలు, అంతే సరంజామా. ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ని తెరమీద గీతగా చూపించే మిషన్) ప్రోబ్ కొసని ఊరికే వేలితో ముట్టుకున్నా తెరమీద 50 హెర్ట్జ్ అల ఊగుతుంది, గోడల్లోని కరెంటు వైర్ల ప్రభావాన్ని మన ఒళ్లు అలా పట్టేస్తుంది. ఆ గోలలోంచి మన సిగ్నల్‌ని ఫిల్టర్ చేసి తీయడం ఒక ఎత్తయితే, అసలు తలనొప్పి ఇంకోటి: బోర్డులు ల్యాప్‌టాప్‌కి, ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి ఉన్నంతసేపు ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు, ఛార్జర్లు పీకేసి బ్యాటరీ మీద పెట్టగానే సిగ్నల్ దాదాపు మాయం. ఎందుకంటే సర్క్యూట్ అన్నాక పోయే దారీ కావాలి, తిరిగొచ్చే దారీ కావాలి. ఒళ్లు ఇచ్చేది పోయే దారి మాత్రమే. తిరిగొచ్చేది గాలిలోంచి, నేల మీంచి, అతి కొద్దిపాటి కెపాసిటెన్స్‌తో, అంటే వైరు తగలకుండానే మధ్య ఖాళీ గుండా సిగ్నల్ దాటే పద్ధతిలో. ఛార్జర్లు ఎర్త్ గుండా దానికి దొడ్డిదారి తెరుస్తాయి. యూట్యూబ్‌లో ఎవరైనా డెమో చూపిస్తే ముందు ప్లగ్గుల వైపు చూడండి.

బ్లూటూత్ సంగతికొస్తే, దాని 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని ఒళ్లు బాగా పీల్చేసుకుంటుంది, ఫోన్ వెనక జేబులో ఉంటే ఇయర్‌బడ్‌లో పాట తెగిపోయేది అందుకే. పైగా అది గదంతా పాకుతుంది, అదే ఒంటి గుండా కొన్ని మెగాహెర్ట్జ్‌లో పంపితే సిగ్నల్ చాలావరకు ఒంటి దగ్గరే ఉంటుంది, బ్యాటరీ కూడా తక్కువ తింటుంది. పర్డ్యూ యూనివర్సిటీలో శ్రేయాస్ సేన్ బృందం పట్టుకున్న దారి ఇదే.

నా లెక్కలో దీనికి అసలైన చోటు ఫోన్లు కాదు, ఒంటి లోపల. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంస్థ) ఒప్పుకున్న అబాట్ కంపెనీ వాళ్ల ఏవెయిర్ డీఆర్ చూడండి: గుండె పై గదిలో ఒకటి, కింది గదిలో ఒకటి, గుండె లయ తప్పకుండా చూసే రెండు బుల్లి పేస్‌మేకర్లు, మధ్యలో వైరు లేదు, కొట్టుకున్న ప్రతిసారీ రక్తం గుండానే ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి.

మీరూ ప్రాజెక్టుగా చేసేటట్టయితే రెండువైపులా బ్యాటరీలే పెట్టండి, వీలైతే స్కోపు కూడా బ్యాటరీతో నడిచేదే తెచ్చుకోండి. వైవాలో మమ్మల్ని ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్) మొదట అడిగింది గ్రౌండ్ ఎక్కడ, అంటే ఆ తిరిగొచ్చే దారి ఎక్కడ అనే.