గ్లాకస్: బూడిద గుమ్మడి మీది బూడిద

ప్రశ్న: బోటనీ పుస్తకంలో ఒక ఆకును 'గ్లాకస్' అని వర్ణించారు. స్పెల్లింగ్ జీ, ఎల్, ఏ, యూ, సీ, ఓ, యూ, ఎస్. క్లాసులో కొందరు 'గ్లౌకస్' అంటున్నారు, కొందరు 'గ్లాషస్' అంటున్నారు. ఏది సరి? ఎన్ని సిలబుల్స్? ఇంతకీ ఏ రంగు?

జవాబు: రెండే సిలబుల్స్: గ్లా, కస్. ఊనిక మొదటిదాని మీద. ఏ, యూ కలిసి ఉన్నాయని మనం 'ఔ' అనేస్తాం, అక్కడే తప్పు. 'లా', 'కాజ్' అనే ఇంగ్లిష్ మాటల్లోలాగా పెదవులు కాస్త గుండ్రంగా పెట్టి 'ఆ'ను సాగదీయాలి. సీ తర్వాత ఓ ఉంది కనుక 'క' శబ్దమే, 'ష' రాదు. చివరి భాగాన్ని 'ఫేమస్'లోలాగా పొట్టిగా వదిలేయండి. 'గ్లాకసు' అంటే మూడో సిలబుల్ వచ్చి చేరుతుంది.

రంగు తెలియాలంటే పండిన బూడిద గుమ్మడికాయను చూడండి. కాయ పచ్చనే, పైన తెల్లటి మైనపు పొడి. రెండూ కలిసి కంటికి నీలిబూడిద పచ్చగా తోస్తాయి. నల్ల ద్రాక్ష మీద పొడి కూడా అలాంటిదే. బోటనీలో ఈ మాట రంగుతో పాటు ఆ పూతనూ చెబుతుంది. వేలితో రుద్దితే పూత పోయి అసలు రంగు బయటపడుతుంది. అందుకే నమూనాను కాడ పట్టుకుని కోయండి, ఎవరి చెయ్యీ తగలని ఆకును చూసి వర్ణన అక్కడికక్కడే రాసుకోండి. నలిగిన ఆకును చూసి రాస్తే ఈ లక్షణం జారిపోతుంది.

మూలం గ్రీకు 'గ్లాకోస్'. తొలిరోజుల్లో మెరుపును సూచించి, తర్వాత నీలిబూడిద, నీలిపచ్చ ఛాయలకు స్థిరపడింది. హోమర్ కావ్యాల్లో ఎథీనా దేవికి 'గ్లాకోపిస్' అనే విశేషణం ఉంది. కొందరు 'మెరిసే కన్నులది' అని, కొందరు 'బూడిదరంగు కన్నులది' అని అనువదించారు. లాటిన్‌లో 'గ్లాకస్' అయి ఇంగ్లిష్‌కు వచ్చింది. మనం నీటికాసులు అనే కంటిజబ్బు పేరు గ్లాకోమా కూడా ఈ మాటకు చుట్టమే. మొక్కల పేర్లలో 'గ్లాకా' కనిపిస్తే, ఉదాహరణకు నికోటియానా గ్లాకా, ఆకు ఛాయ గురించే అనుకోండి.

ప్రశ్న: గ్లాకస్, గ్లేబ్రస్ ఒకటేనా?

జవాబు: కాదు. గ్లేబ్రస్ అంటే నూగు లేనిది; లాటిన్‌లో 'గ్లాబర్' అంటే బట్టతల. ఒకే ఆకు రెండూ కావచ్చు. లేత బూడిద గుమ్మడి పిందె రెండూ కాదు: ఒళ్లంతా నూగు ఉంటుంది, మైనం ముదిరాకే పడుతుంది. దాని శాస్త్రీయ నామం బెనిన్‌కాసా హిస్పిడాలో 'హిస్పిడా' అంటే గరుకు వెంట్రుకలున్నదనే.