తనిఖీ అనగానే పడిపోతోంది... నటన అనుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా. ఆరేళ్లుగా జైలు మహిళా విభాగంలో వార్డర్‌గా పనిచేస్తున్నాను. మూడు నెలల క్రితం పాతికేళ్ల అమ్మాయి రిమాండ్‌కు వచ్చింది. కోర్టుకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ తనిఖీ గదిలో వణికిపోతుంది, ఊపిరాడక ఒక్కోసారి పడిపోతుంది. రాత్రి బ్యారక్‌కు తాళం వేసేటప్పుడూ అంతే. ఈసీజీ తీసి బాగుందన్నారు. ‘ఏషాలేస్తంది’ అని మావాళ్లు కొట్టిపారేస్తున్నారు. భర్త గదిలో పెట్టి తాళం వేసి కొట్టేవాడని తోటి ఖైదీతో చెప్పిందట. ఇది ఫిట్సా, గుండె జబ్బా? మేమేం చేయాలి? ఈమధ్య నాకూ నిద్ర పట్టడం లేదు. - ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది నటన కాదు. మనిషిని చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయకూడదు. కానీ తాళం వేసేటప్పుడు, ఒంటి మీద చేయి పడేటప్పుడు మాత్రమే ఇలా అవుతోందంటే, ఆమె పడ్డ హింసను ఒళ్లు ఇంకా మరిచిపోలేదని నాకు అనిపిస్తోంది. దీన్నే మేం ట్రామా అంటాం.

ముందు శరీరం సంగతి తేల్చుకోండి. ఈసీజీ బాగుందంటే అది తీసిన సమయంలో గుండె సరిగ్గా కొట్టుకుందని మాత్రమే. ఫిట్స్‌లో చాలాసార్లు నాలుక కరుచుకుంటారు, బట్టల్లోనే మూత్రం పోతుంది, తెలివి వచ్చాక కూడా కాసేపు అయోమయంగా ఉంటారు. ఇవేమైనా కనిపించాయేమో జైలు డాక్టరుకు చెప్పండి. రక్తం, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మన వైపు ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో నేను రోజూ ఓపీలో చూస్తున్నాను. రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు గుండె దడ, ఆయాసం ఊరికే వస్తాయి. నెలసరి తప్పిందేమో కూడా నెమ్మదిగా అడగండి.

తాళం పడిన చప్పుడు వింటే మీకు ఆ పూట పని ముగిసినట్టు. ఆమెకు మాత్రం ఏళ్ల తరబడి ఆ చప్పుడు తర్వాత దెబ్బలే పడ్డాయి. మన మెదడులో అమిగ్డలా అని బాదం గింజంత భాగం ఒకటి ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే, మనం ఆలోచించేలోపే అది ఒళ్లంతటినీ హెచ్చరిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. పారిపోయే దారి లేదనుకున్నప్పుడు కొందరు కొయ్యబారిపోతారు, కొందరు పడిపోతారు. ‘ఇక్కడ నిన్నెవరూ కొట్టరు’ అని మీరు చెబితే ఆమెకు అర్థమవుతుంది. కానీ ఆ క్షణంలో ఆమె ఒళ్లు ఆ మాట వినదు. అందుకే ‘నాటకాలాడకు’ అని గదమాయించిన కొద్దీ ఎక్కువవుతుంది. గదమాయింపు కూడా ఆమెకు పాత అనుభవమే కదా.

అలా అయినప్పుడు ఒక్కరే దగ్గర ఉండండి. పైనుంచి నిలబడి మాట్లాడకుండా ఆమెకు ఎదురుగా, కాస్త ఎడంగా కింద కూర్చోండి. పేరు పెట్టి పిలిచి, మీరెవరో, ఇది ఏ చోటో, ఇవాళ ఏ వారమో చెప్పండి. చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు చెప్పమనండి. గాలి మెల్లగా, ఎక్కువసేపు వదలమనండి. చేతులు చన్నీళ్లతో కడుక్కుంటానంటే కడుక్కోనివ్వండి. చెంప మీద కొట్టడం, మొహాన నీళ్లు చల్లడం వద్దు. మన ఊళ్లలో ఎవరైనా పడిపోతే చేతిలో తాళంచెవులు పెడతారు. ఫిట్స్‌కే దానివల్ల ఉపయోగం లేదు. తాళం చప్పుడుకే భయపడే ఈ అమ్మాయికి అది మరీ అన్యాయం.

అసలు మందు తనిఖీ చేసే పద్ధతిలోనే ఉందని నా నమ్మకం. తనిఖీ మానేయమని నేను అనడం లేదు, మీ ఉద్యోగం మీది. కానీ ముందే చెప్పి చేయండి: ‘ఇప్పుడు భుజం తడుముతాను, తర్వాత నడుము’ అని. వెనక నుంచి చేయి వేయకండి. జాకెట్టు, చీర కుచ్చెళ్లు తనే విప్పి చూపించనివ్వండి. పై బట్టలు చూశాక తిరిగి కట్టుకోనిచ్చి, అప్పుడు మిగతావి చూడండి. తెర ఉండాలి, మగ సిబ్బంది ఆ దరిదాపుల్లో ఉండకూడదు. చేతితో పట్టుకునే డిటెక్టర్ ఉంటే ముందు దాన్ని వాడండి. ఇవి నా సొంత కోరికలు కావు. మహిళా ఖైదీల కోసం ఐక్యరాజ్య సమితి 2010 డిసెంబరులో 70 నియమాలు ఆమోదించింది, వాటిని బ్యాంకాక్ నియమాలంటారు. సోదాలో పరువు పోకూడదని, బట్టలు విప్పించే సోదాకు బదులు స్కానర్ల వంటి దారులు వెతకాలని అందులో ఉంది. జైలుకు రాగానే చేసే వైద్య పరీక్షలో మానసిక స్థితినీ, ఇంతకుముందు పడ్డ హింసనూ తెలుసుకోవాలనీ ఉంది. ఈ అమ్మాయికి ఆ మొదటి రోజే అది జరిగి ఉంటే మూడు నెలల బాధ తప్పేది.

రాత్రి తాళం వేసే ముందు కూడా ఒక్క మాట: ‘తాళం వేస్తున్నానమ్మా, నేను ఇక్కడే ఉంటాను, పిలిస్తే పలుకుతాను’. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, పైవాళ్ల సంతకం అక్కర్లేదు.

మన జైళ్లు మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. దేశంలోని ఖైదీల్లో ఆడవాళ్లు నూటికి నలుగురే. అందుకే వాళ్ల అవసరాలు ఎప్పుడూ చివరికే వస్తాయి. నెలసరి ప్యాడ్లు ‘అడిగితే ఇస్తాం’ అంటే సగం మంది అడగరు. అవి అందుబాటులో పెట్టండి, లెక్క అడగకండి. స్నానాల గదికి లోపలి నుంచి గడియ ఉందో లేదో చూడండి. భయపడే మనిషికి తన చేత్తో వేసుకునే గడియ ఎంత ధైర్యమో మనకు తెలియదు.

ఆమెకు పిల్లలున్నారా? మీరు రాయలేదు. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి తమ కేసు కన్నా, ఇంట్లో పిల్లలు తిన్నారో లేదో అన్న టెన్షనే ఎక్కువ. ఆరేళ్లలోపు బిడ్డను తల్లి దగ్గర ఉంచుకోవచ్చని, ఆ బిడ్డను ఖైదీలా చూడకూడదని సుప్రీంకోర్టు 2006లో ఆర్.డి.ఉపాధ్యాయ్ కేసులో చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కక్షిదారుగా ఉన్న కేసే. పెద్ద పిల్లలైతే ఫోన్, ములాఖత్ ఏర్పాటు చేయించండి. శ్రీకాకుళం నుంచి విశాఖ సెంట్రల్ జైలుకే దాదాపు నూరు కిలోమీటర్లు. కూలి మానుకుని అంత దూరం వచ్చే తల్లినో చెల్లినో ‘టైమైపోయింది’ అని తిప్పి పంపితే ఆ రాత్రి బ్యారక్‌లో ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

వైద్యం విషయానికొస్తే, సైకియాట్రిస్టు చూడాల్సిందే. మాటలతో చేసే చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. అవసరమైతే సెర్ట్రాలిన్ వంటి మందులు ఇస్తారు, వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నిద్రమాత్రలిచ్చి పడుకోబెట్టడం చికిత్స కాదు. జిల్లా ఆస్పత్రిలో వీలుకాకపోతే విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు రిఫర్ చేయించవచ్చు. ఖైదీల మానసిక వైద్యం ప్రభుత్వ బాధ్యతేనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ ఉంది. చావు మాట ఎత్తినా, తిండి మానేసినా ఆ పూటే డాక్టరుకు చెప్పండి. ఆమెను ఒంటరి గదిలో మాత్రం పెట్టొద్దు.

భర్త సంగతులు మీరుగా తవ్వి అడగకండి. ఆమె చెబితే వినండి, నలుగురిలో చర్చించకండి. ఫిర్యాదు చేస్తానంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపండి. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు. ఫోన్ నంబరు 15100.

ఇక మీ నిద్ర. ఆరేళ్లుగా ఇంతమంది ఏడుపు చూస్తున్నారు. ఎదుటివాళ్ల బాధ రోజూ చూసేవాళ్లకు అది అంటుకుంటుంది, నర్సుల్లోనూ మాలోనూ ఇది ఉంది. అది మీ బలహీనత కాదు. బీపీ చూపించుకోండి. మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకోకండి. వరుసగా నైట్ డ్యూటీలు పడుతుంటే మార్చమని అడగండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ‘ఏషాలు’ అన్న మీ తోటివాళ్లకూ ఆ నంబరు ఇవ్వండి, వాళ్లూ అలసిపోయి ఉంటారు.

ఆమె వచ్చే వాయిదా ఎప్పుడో కనుక్కోండి. ముందురోజు సాయంత్రమే పక్కన కూర్చుని, తిరిగొచ్చాక తనిఖీ ఎవరు చేస్తారో, ఏ వరసలో చేస్తారో చెప్పండి. వీలైతే మీరే చేయండి. ఆ రోజు ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి.