ఆ కెమెరా ఇంకా ఆయన కంటికే అమర్చి ఉంది

ప్రశ్న: నా వయసు 52. మావారు పోయి పద్నాలుగు నెలలైంది. ఉద్యోగం చేసుకుంటూనే ఇరవై ఏళ్లు ఫొటోలు తీశారు. ఆదివారం తెల్లవారుజామున ఏడెనిమిది మంది స్నేహితులతో బయలుదేరేవారు. వాళ్లలో ఇద్దరు స్త్రీలు కూడా ఉన్నారు. ఇప్పుడు ఆయన బీరువాలో రెండు కెమెరాలు, ఆరు లెన్సులు ఉన్నాయి. బ్యాగు జేబులో బిల్లులు దొరికాయి. పక్షుల కోసం కొన్న పెద్ద లెన్సు ధర, నాకు చెప్పినదానికి రెట్టింపు. అప్పటినుంచి ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. మా అబ్బాయి అన్నీ అమ్మేద్దామంటాడు. స్నేహితుల్లో ఒకాయన మూడో నెలలోనే ఆ లెన్సు గురించి అడిగారు, నాకు మనసు విరిగింది. మిగతావాళ్లు మీరూ మాతో రండి అంటున్నారు. ఒకరోజు కెమెరా తీసి చూస్తే అంతా మసకగా కనిపించింది. నాకు చేతకాదని లోపల పెట్టేశాను. అందులో ఉన్న కార్డు చూడాలంటే భయం. ఈ వయసులో నీకు కెమెరా ఎందుకంటారు బంధువులు. నేనేం చేయాలి?

జవాబు: మసకగా కనిపించిందన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముందు దాని సంగతే చెబుతాను. అది మీ చేతకానితనం కాదు.

కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ పక్కన గోరంత చక్రం ఒకటి ఉంటుంది. కొన్ని కెమెరాల్లో అది రబ్బరు అంచు చాటున ఉండి వెంటనే కంటపడదు. ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్లు దాన్ని తిప్పి పెట్టుకుంటారు. బహుశా మీరు ఆ రోజు చూసింది మీవారి కంటికి అమర్చి ఉన్న కెమెరాలోంచి. లెన్సు మూత తీసి, కెమెరా ఆన్ చేసి, దృశ్యాన్ని వదిలేసి వ్యూఫైండర్‌లో కనిపించే అంకెలను మాత్రమే చూస్తూ ఆ చక్రం మెల్లగా తిప్పండి. అంకెలు పదునుగా కనిపించినచోట ఆపండి. అంకెలు ముందే స్పష్టంగా ఉండి ఎదుటి దృశ్యం ఒక్కటే మసకగా ఉంటే అది ఫోకస్ సంగతి. ఫొటో తీసే షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఆ చక్రం తిప్పడానికి మీకు చేయి రాకపోవచ్చు. ఆయన వేలు చివరిసారి ఎక్కడ ఆపిందో అక్కడే ఉంది కదా. అందుకని తిప్పేముందు అది ఏ గుర్తు దగ్గరుందో ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కావాలనుకున్నప్పుడు మళ్లీ అక్కడికే తీసుకురావచ్చు. ఆ భరోసా ఉంటే చేయి కదులుతుంది.

ఇక కార్డు. దాన్ని చూడటానికి తొందరేమీ లేదు. కాపీ చేయడానికి మాత్రం ఉంది. ఇవి రెండు వేరు వేరు పనులు. మెమరీ కార్డు ఏళ్లతరబడి దాచుకునే చోటు కాదు. అనుకోకుండా పాడైపోవచ్చు, తెలియక ఎవరైనా చెరిపేయవచ్చు. కెమెరా ఆపి, కార్డు బయటికి తీయండి. అంచున చిన్న మీట ఉంటే లాక్ వైపు జరపండి, అప్పుడు దానిమీద ఏదీ చెరగదు. ఫార్మాట్ చేయాలా, అంటే అన్నీ చెరిపేయాలా అని కెమెరా గానీ కంప్యూటర్ గానీ అడిగితే ఒప్పుకోవద్దు. ఒక్క ఫొటో కూడా తెరవకుండానే మొత్తం కంప్యూటర్‌లోకి ఒకసారి, విడి డిస్కులోకి ఒకసారి కాపీ చేయవచ్చు. ఈ పని మీ అబ్బాయికి అప్పగించండి. చూడటమంటారా, ఈ నెలలోనో, వచ్చే ఏడాదో, మీకు ధైర్యం కలిగిన రోజున చూద్దురు గాని.

ఇప్పుడు కోపం గురించి. మీవారు మీకు అబద్ధం చెప్పారు. దాన్ని నేను చిన్నది చేసి మాట్లాడను. కెమెరా సరదా ఉన్నవాళ్లలో, ఇంట్లో అసలు ధర చెప్పకపోవడం నవ్వుతూ చెప్పుకునే విషయమైపోయింది. నేనూ ఈ సరదా ఉన్నదాన్నే గనుక ఆ మాట చాలాసార్లు విన్నాను. నాకు ఎన్నడూ నవ్వు రాలేదు. సంసారంలో డబ్బు కన్నా దాచడమే ఎక్కువ గాయం చేస్తుంది. పైగా మీకు ఇప్పుడు పోట్లాడటానికి ఎదురుగా మనిషి లేడు. పోయినవారి మీద కోపం రావడం తప్పని మీకు మీరే నోరు నొక్కుకుంటున్నట్టు మీ ఉత్తరంలో కనిపించింది. తప్పు కాదు. కోపం వచ్చిన రోజున కోపంగానే ఉండండి. మర్నాడు ఆయన గుర్తొచ్చి ఏడుపు వస్తే, నిన్నటి కోపానికి దాన్ని ప్రాయశ్చిత్తం చేయకండి. ఈ రెండూ ఒకే ఇంట్లో చాలాకాలం ఉంటాయి. నిద్ర, ఆకలి పూర్తిగా చెడిపోయే స్థితి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని మానసిక వైద్యులను కలవండి.

మీకు తెలియాల్సిన విషయం ఒకటుంది. డిజిటల్ ఫొటో ప్రతిదానిలో కొన్ని వివరాలు నమోదై ఉంటాయి: తీసిన తేదీ, సమయం, షట్టర్ వేగం, చాలావరకు ఏ లెన్సుతో తీశారన్నది కూడా. కంప్యూటర్‌లో ఫొటో వివరాలు తెరిస్తే కనిపిస్తాయి. ఆయన పాత ఫొటోలు తేదీలవారీగా చూస్తే ఏ లెన్సు ఎంత వాడారో తెలిసిపోతుంది. పెద్ద లెన్సు నాలుగుసార్లు వాడి పక్కన పెట్టారో, లేక ప్రతి ఆదివారం ఉదయం దానితోనే నిలబడ్డారో ఊహించుకోవాల్సిన పనిలేదు. ఏది తేలినా ఆయన చెప్పిన అబద్ధం నిజమైపోదు. కానీ బిల్లు ఒక్కటే పట్టుకుని ఆయన్ని తూచడం కన్నా, ఆ డబ్బు ఏమైందో కళ్లతో చూడటం మీకు మేలు. ఏది అమ్మాలో, ఏది ఉంచుకోవాలో కూడా ఈ లెక్కే చెబుతుంది.

మీ అబ్బాయి మాటలో సగం న్యాయముంది. కెమెరా బాడీల, అంటే లెన్సు తీసేసిన కెమెరాల విలువ కొత్తవి వచ్చేకొద్దీ త్వరగా పడిపోతుంది. మంచి లెన్సులది అంత త్వరగా పడిపోదు. అయితే మూసిన బీరువా లెన్సులకు మంచిది కాదు. గాలీ వెలుతురూ లేని తేమలో అద్దాల మీద బూజు పడుతుంది. ముదిరితే అద్దం మీది పూతనే తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. ఈ వారమే ఒక్కొక్కటీ బయటికి తీసి, రెండు మూతలూ తెరిచి, ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెపురుగు పోగుల్లాంటివి కనిపిస్తే ఆ లెన్సును మిగతావాటికి దూరంగా పెట్టి, బాగుచేసేవారికి చూపించండి. మిగిలినవాటిని తోలు సంచుల్లోంచి తీసేసి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. బ్యాటరీలు కెమెరాల్లోంచి తీసి, సగం ఛార్జి ఉండేలా చూడండి. పూర్తిగా ఖాళీగా నెలలతరబడి వదిలేస్తే అవి మళ్లీ పనికిరాకుండా పోవచ్చు.

అమ్మేద్దామని అబ్బాయి పదే పదే అనడం వెనుక డబ్బు ఆలోచన ఒక్కటే లేదేమో అనిపిస్తోంది. ఆ బీరువా తెరిచినప్పుడల్లా వాడికి ఏమవుతుందో ఒకసారి అడగండి. తండ్రి సామాను కళ్లముందు లేకపోతే బాధ తగ్గుతుందని కొందరు పిల్లలు గట్టిగా నమ్ముతారు. తనకంటూ ఒక వస్తువు ఎంచుకోమనండి. అది మెడలో వేసుకునే పట్టీ అయినా సరే.

పెద్ద లెన్సు అడిగినాయన విషయంలో తీర్పు కొంచెం ఆపండి. మూడో నెలలో అడగడం మొరటుతనమే. కానీ ఇలాంటి బృందాల్లో లెన్సులు చేతులు మారుతూనే ఉంటాయి. ఆరింటిలో ఒకటి రెండు వేరేవాళ్లవీ కావచ్చు, మీవారివి ఇంకొకరి దగ్గరా ఉండవచ్చు. ప్రతి వస్తువు మీదా ఉన్న సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి, బిల్లులతో సరిచూడండి. తర్వాత బృందంలో అందరూ ఉన్నప్పుడు, మావారివి ఎవరి దగ్గరైనా ఉన్నాయా, ఎవరివైనా మా ఇంట్లో ఉన్నాయా అని మామూలు గొంతుతో అడగండి. ఆయనకే అమ్మాలనుకున్నా, ముందు బయట రెండుచోట్ల ధర కనుక్కోండి. కొనేవారే ధర చెప్పే పరిస్థితి రానివ్వకండి. నా ఉద్దేశంలో అమ్మడం మొదలుపెడితే ఆ పెద్ద లెన్సుతోనే మొదలుపెట్టండి. అలాంటివి రెండు కిలోల దాకా బరువుంటాయి, కొత్తవారికి చేయి వణికి ఫొటో చెదిరిపోతుంది. ఆ బిల్లు బాధా కొంత తగ్గుతుంది. చిన్నది, 50 మిల్లీమీటర్ల లెన్సు అందులో ఉంటే మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి. అది మీకు కావాలి.

అవును, మీకే. ఎవరూ తరమకుండా మీరే బీరువా తెరిచి, కెమెరా చేతిలోకి తీసుకుని, కన్ను పెట్టి చూశారు. ఆయన వస్తువును తడిమి చూడటానికైతే కన్ను పెట్టనక్కరలేదు. మీకు చూడాలనిపించింది.

వయసు మాట ఎత్తే బంధువులకు, ఇంగ్లండులో పేరుపొందిన పాతకాలపు ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ సంగతి చెప్పండి. 1863 చివర్లో కూతురూ అల్లుడూ కలిసి ఆమెకు కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 48. భర్త సముద్రాల అవతల ఉన్నారు, ఇల్లు ఖాళీగా ఉంది, అమ్మకు కాలక్షేపంగా ఉంటుందని ఇచ్చారు. కోళ్ల గూడును స్టూడియోగా, బొగ్గుల కొట్టును చీకటి గదిగా మార్చుకుని, గాజు పలకల మీద మందులు పూసి ఫొటోలు తీసిందామె. 1864 జనవరిలో ఒక చిన్న పాప ముఖం కుదిరింది. దానికి ‘నా తొలి విజయం’ అని పేరు పెట్టుకుంది. ఆమె ఫొటోలు మసకగా ఉన్నాయని ఆనాటి విమర్శకులు తప్పుపట్టారు. ఆ మసకే ఈనాడు ఆమె గుర్తింపు. మీకు గాజు పలకలూ మందులూ అవసరం లేదు, ఛార్జి చేసిన బ్యాటరీ ఒకటి చాలు.

స్నేహితులు రమ్మంటే ఒక్క ఆదివారం వెళ్లి చూడండి. అందరితో కాకుండా, ముందు ఆ ఇద్దరు స్త్రీలలో ఒకరితో మాట్లాడి, నేను ఆయన గురించి కథలు వినడానికి రావడం లేదు, నేర్చుకోవడానికి వస్తున్నానని చెప్పండి. లేకపోతే పాపం అందరూ మిమ్మల్ని ఓదారుస్తూనే ఉంటారు, మీరు ఒక్క ఫొటో కూడా తీయలేరు. మంచి బృందం కొత్తవారి చేతిలో కెమెరా ఖరీదు చూడదు. ఇది ఎందుకు తీశావు, వెలుగు ఎటునుంచి పడుతోంది అని అడుగుతుంది. మీ వాళ్లు అలాంటివాళ్లో కాదో ఒక్క ఉదయంలో తెలిసిపోతుంది. సామాను ధరలే మాట్లాడుకుంటుంటే మర్యాదగా సెలవు తీసుకుని వచ్చేయండి.

వెళ్లేముందు చిన్న పని ఒకటి. ఆయన కార్డు ఇంట్లో భద్రంగా పెట్టి, కెమెరాలో మీ పేరుతో కొత్త కార్డు వేసుకోండి.