అన్నయ్య ఇంటికొచ్చేశాడని నువ్వు మీడియా పీజీ మానెయ్యాలా?

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. బరంపురంలో బీకాం అయింది. మాస్ కమ్యూనికేషన్‌లో పీజీ చేసి డాక్యుమెంటరీల వైపు వెళ్లాలని ఉంది. మా పెద్దమ్మ కొడుకు ఇదే పీజీ చేసి భువనేశ్వర్‌లో ఒక వెబ్ చానల్లో చేరాడు. ఏడాదిపాటు రీల్స్ కట్ చేశాక, జీతం సరిగ్గా ఇవ్వడం లేదని ఇంటికొచ్చేశాడు. నాన్న అతన్ని చూపించి నన్ను బ్యాంకు కోచింగ్‌కి వెళ్లమంటున్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువంతా ఒరియా. ఏం చేయమంటారు?

జవాబు: చేరొచ్చమ్మా. కానీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకు, ఆయన చూసిన ఉదాహరణ ఇంట్లోనే ఉంది మరి.

ముందు మీ అన్నయ్యని కూర్చోబెట్టి ఒక్కటి అడుగు: పీజీ రెండేళ్లలో మొదటి షాట్ నుంచి చివరి సబ్‌టైటిల్ దాకా సొంతంగా పూర్తి చేసిన పని ఏదైనా ఉందా అని. నా దగ్గరికొచ్చే మీడియా పీజీ పిల్లల్లో చాలామంది ఇక్కడే నీళ్లు నములుతారు. "గ్రూప్ ప్రాజెక్టు చేశాం సార్, ఫుటేజ్ ఫ్రెండ్ హార్డ్ డిస్క్‌లో ఉండిపోయింది" అంటారు. కమ్యూనికేషన్ థియరీలు, మీడియా చట్టాలు, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) అన్నీ అవసరమే, మార్కులూ వస్తాయి. కానీ పని ఇచ్చేవాడు మార్కుల మెమో అడగడు, "ఏం చేశావో లింక్ పంపు" అంటాడు. ఇక రీల్స్ కట్ చేయడం చిన్న పనేం కాదు. ఈ రంగంలో మొదటి ఒకటి రెండేళ్లు ఫుటేజ్‌ని వరస పెట్టడం, సౌండ్ సింక్ చేయడం, సబ్‌టైటిల్స్ వేయడం, ఎవరో తీసినదాన్ని కత్తిరించడం, ఇలాగే గడుస్తాయి. జీతం ఎగ్గొట్టడం మాత్రం ఆ చానల్ తప్పు, దాన్ని చదువు ఖాతాలో వేయకండి.

పీజీలో నిజంగా దొరికేవి కెమెరా, ఎడిట్ ల్యాబ్, బ్యాచ్‌మేట్లు. నాలుగేళ్ల తర్వాత "ఒక షూట్ ఉంది, వస్తావా" అని ఫోన్ చేసేది ఆ బ్యాచ్‌మేట్లే. అందుకే సీటు కోసం లక్షలు పోసి ప్రైవేటు కాలేజీకి పోవద్దంటాను. బరంపురం యూనివర్సిటీలోనే జర్నలిజం విభాగం ఉంది. అక్కడికి ఒడిశా రాష్ట్ర ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీఈటీ రాయాలి. కోరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయానికి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఏ డిగ్రీ వాళ్లయినా రాయొచ్చు, 75 ప్రశ్నలు, తప్పు జవాబుకి ఒక మార్కు కోత. ఢెంకనాల్‌లోని ఐఐఎంసీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) ఒరియా, ఇంగ్లిష్ జర్నలిజం పీజీ డిప్లొమాలున్నాయి, ఏడాదిలో బయటపడతావు. కాకపోతే రేపు పాఠాలు చెప్పాలనిపిస్తే లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్‌కి ఎంఏ కావాలి, అది గుర్తుంచుకో. ఆంధ్రా యూనివర్సిటీ మీకు దగ్గరే కానీ, అక్కడ నువ్వు స్థానికేతరురాలివి, మిగిలే సీట్లు తక్కువ.

ఇప్పుడు భాష సంగతి, నీ విషయంలో అసలు చిక్కు ఇదే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, ఒక పేజీ రాయమంటే ఆగిపోతారు. ఈ రాత్రికి మీ వీధి గురించి ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ ఒరియాలో ఫోన్లో టైప్ చేసి చూడు. తెలుగు పేజీ తప్పులు లేకుండా రాకపోతే హైదరాబాద్ న్యూస్ డెస్క్ ఉద్యోగాల ఆశ ప్రస్తుతానికి పక్కన పెట్టు, భువనేశ్వర్, కటక్ వైపు చూడు. రాయడం ఆర్నెల్లు కష్టపడితే వస్తుంది, నీ నోట్లో ఉన్న మన సరిహద్దు యాస మాత్రం కోచింగ్‌లో దొరకదు. మన వైపు షూటింగ్‌కి వచ్చే యూనిట్లకి రెండు భాషల్లో మనుషులతో మాట్లాడించి, దాన్ని ఇంగ్లిష్‌లో సబ్‌టైటిల్స్‌గా రాసివ్వగల మనిషి కావాలి. అలాంటివాళ్లు వెతికినా సులువుగా దొరకరు. (గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్లోనే పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్లారు. నీకు రెండు భాషలు ఊరికే వచ్చాయి, వాడుకో.)

అడ్మిషన్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోకు. మీ ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే ఇళ్లున్నాయి కదా, ఒక ఇంటికి వెళ్లి అనుమతి అడిగి అయిదు నిమిషాల ఫిల్మ్ తియ్యి. ఫోన్ చాలు. కానీ ఒక కాలర్ మైక్ మాత్రం కొనుక్కో, దృశ్యం కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే ఎవరూ చూడరు. తెలుగు, ఒరియా, ఇంగ్లిష్ మూడింటిలో సబ్‌టైటిల్స్ వెయ్యి. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి జాతర మొదలయితే అక్కడ వేషాలు కట్టేవాళ్లలో ఒకరి వెంట పడు, జాతరంతా తీయాలని చూడకు.

డబ్బు విషయంలో నాన్నగారితో ముందే లెక్క తేల్చుకో. చదువు రెండేళ్లు, తర్వాత ఒక ఏడాది, అప్పటికీ నీ ఖర్చు నువ్వు పెట్టుకోలేకపోతే బ్యాంకు పరీక్షలు రాస్తానని చెప్పు. అప్పటికీ వయసు మించిపోదు. ఆ మధ్యలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తే నామోషీ ఏమీ లేదు, సీజన్లో ఒక కెమెరా లెన్స్ కొనుక్కునే డబ్బులొస్తాయి. ఎవరి పనికైనా సగం అడ్వాన్స్ తీసుకో, మిగతాది చేతికొచ్చాకే వాటర్‌మార్క్ లేని ఫైల్ ఇవ్వు. బంధువులయినా సరే. బంధువులైతే మరీను.

ఇంకొకటి, రిజర్వేషన్ సంగతి. మన సరిహద్దు వాళ్లు తరచూ దెబ్బతినేది ఇక్కడే. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. శ్రీకాకుళంలో ఉండే మీ మేనమామ వాళ్లు బీసీ అయినంత మాత్రాన ఒడిశా జాబితాలో మీ కులం ఉంటుందని లేదు. ముందు జాబితా చూసుకో, ఉంటే నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదనే) సర్టిఫికెట్ కొత్తది తీసుకో. తహసీల్దార్ ఆఫీసులో దానికి టైమ్ పడుతుంది, సీయూఈటీ నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే లాభం లేదు.