తీరిక లేని జీవితంలో ప్రార్థనకు చోటెక్కడ?

సహోదరీ, బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు, వీటి మధ్య బైబిలు వాక్యం చదవడానికి అరగంట కూడా దొరకక విశ్వాసంలో వెనకబడిపోతున్నాననీ, ఇలాంటి జీవితం నుంచి నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అనీ మీరు అడిగారు. ఉన్నదనే నా అనుభవం. తీరిక చిక్కాక నేర్చుకుందామనుకుంటే మాత్రం అది ఎప్పటికీ చేతికందదు.

మాది కొండపి ప్రాంతం, పొగాకు వ్యవసాయం. రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలైతే పగలంతా ఆకు కోయించి, కర్రలకు అల్లించి, వేడితో ఆకు ఆరబెట్టే గదైన బ్యారన్‌లోకి ఎక్కించడం, రాత్రంతా పొయ్యి దగ్గర కాపలా. బ్యారన్ నింపాక ఐదారు రోజులు మంట ఆరకూడదు. ఆకు పసుపు తిరగకముందే తొందరపడి వేడి పెంచితే పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యం చేస్తే మచ్చలు పడి నల్లబడుతుంది. ఎటు చూసినా వేలం కేంద్రంలో ధర పలకదు. అందుకని పదేపదే లేచి, టార్చిలైటు వేసి, అద్దంలోంచి లోపలి థర్మామీటరు చూసి, కట్టె ఎగదోయాలి. ఆ రోజుల్లో మోకాళ్లూని గంటసేపు ప్రార్థించడం నా వల్ల అయ్యేది కాదు. కట్టె వేశాక మంట అందుకునేదాకా నిలబడే ఆ కాస్త సేపే నా ప్రార్థన సమయమైంది. రాత్రికి ఒక్క కీర్తనే తీసుకొని, లేచిన ప్రతిసారీ ఒక్కో వచనం తలచుకునేవాణ్ణి. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు, నిద్రపోడు అని 121వ కీర్తనలో ఉంది కదా, ఆ మాట మందిరంలో ఎన్నిసార్లు విన్నా, రెప్పలు వాలిపోతుండగా పొయ్యి ముందు తలచుకున్నప్పుడే నాకు బాగా ఒంటబట్టింది.

బైబిలులోని నెహెమ్యా కూడా పారసీక రాజు కొలువులో ఉన్నవాడే. ద్రాక్షారసం అందిస్తుండగా రాజు ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్నకూ తన జవాబుకూ నడుమనే దేవునికి ప్రార్థించాడు. కౌంటరు ముందు మనుషులు నిలబడి ఉండగా మీరు చేసుకోగలిగిన ప్రార్థన అదే. అయితే అంతకుముందు అతడు ఉపవాసముండి కొన్ని దినాలు ప్రార్థించాడన్నది అతని గ్రంథం మొదటి అధ్యాయంలోనే ఉంది. దానిని దాటవేసి క్షణకాలపు ప్రార్థన చాలునని చెప్పడం నాకు సరిగా తోచదు. ఆ నిడివిగల సమయం కావాలంటే ఎవరో ఒకరు మీ పని కొంత పంచుకోవాలి. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు చెబుతున్న మోషేను చూసి, ఇలాగైతే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు అన్నది అతని మామ యిత్రో. మా తమ్ముడూ నేనూ ఆదివారాలు వంతులు వేసుకున్నది ఈ సంగతి ఉన్న నిర్గమకాండం 18వ అధ్యాయం చదివాకే. ఒకరు బ్యారన్ దగ్గర ఉంటే మరొకరు ఆరాధనకు వెళ్తాము.

యేసు ఇంటికి వచ్చినప్పుడు ఆయన మాట వినడం మాని పనుల్లో మునిగిన మార్త పేరు చెప్పి మిమ్మల్ని ఎవరైనా మందలిస్తే నొచ్చుకోకండి. ప్రభువు ఆమె వంటను తప్పుపట్టలేదు, అనేకమైన పనుల గురించి ఆమె పడుతున్న తొందరను తప్పుపట్టాడు. సహోదరుడు లాజరు చనిపోయిన దుఃఖంలో, నీవు దేవుని కుమారుడవైన క్రీస్తువని యోహాను సువార్త 11వ అధ్యాయంలో ఒప్పుకున్నది ఆ మార్తే. మన ప్రసంగాలలో ఈ రెండో సంగతి ఎందుకో అరుదుగా వినిపిస్తుంది.

పని మధ్యనే వాక్యం అందుతుందని మన ఒంగోలు చరిత్రా చెబుతుంది. 1876-78 కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. పని అజమాయిషీ చేసింది స్థానిక బోధకులే. కూలీలు మన్ను మోసి సేదతీరే వేళల్లో వారి మధ్య కూర్చొని సువార్త చెప్పేవారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట పడకుండా క్లౌ కరువు కాలమంతా బాప్తిస్మాలు నిలిపివేశాడు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో తీరిక ఉండి వాక్యం నేర్చుకున్నవారు ఎందరుంటారు? ప్రయాసపడి భారము మోసేవారిని రమ్మన్న యేసు పిలుపు గంప దించిన చోటనే వారికి అందింది.

మీ అత్తగారికి మాత్రలు వేసేటప్పుడు ఆమెకు వినబడేలా ఒక కీర్తన చదవండి. వేరే సమయం అక్కరలేదు, ఇద్దరికీ వాక్యం దక్కుతుంది. ఆదివారం ఆరాధన వేళ ఆమె దగ్గర ఎవరుండాలో మీవారితో ఈ వారమే మాట్లాడి తేల్చుకోండి.