తెర పక్కన నలుపు ఎందుకు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశాఖలో సిరిపురం దగ్గర ఒక చిన్న హాల్లో మా మిత్రులం నెలకోసారి పాత సినిమా వేస్తున్నాం. నేను సినిమా హాళ్లలో ఆపరేటర్‌గా పనిచేసినవాణ్ణి. ఆ ప్రదర్శనల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మీ హాల్లో ‘మాయాబజార్’ చూశాం. తెరకి రెండు పక్కలా నల్లగా వదిలేశారు. ప్రొజెక్టర్ సరిగ్గా పెట్టలేదని మా అబ్బాయి అంటున్నాడు. పైగా రంగుల్లో దొరుకుతుంటే నలుపు తెలుపులో ఎందుకు వేశారు?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, ప్రొజెక్టర్ సరిగ్గానే ఉంది. 1957లో ఆ సినిమా తీసినప్పుడు బొమ్మ ఆకారమే అది. ఎత్తు అడుగు ఉంటే వెడల్పు అడుగున్నర కూడా ఉండదు. తెలుగులో సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పుగా ఉండే బొమ్మ, 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో వచ్చింది. ఇప్పటి తెరలు చాలావరకు వెడల్పు బొమ్మల కోసం కట్టినవి. పాత బొమ్మతో అంత తెరా నింపాలంటే రెండే దారులు. పక్కలకి సాగదీయాలి, లేదా పైనా కిందా కోసేయాలి. సాగదీస్తే సావిత్రి ముఖం పాడవుతుంది. స్కోప్ తెరకి సరిపోయేలా కోస్తే బొమ్మలో నూటికి నలభై పాళ్ల పైనే పోతుంది. ఘటోత్కచుడు పెళ్లి భోజనం మీద పడే సన్నివేశం తలచుకోండి. ఎస్వీ రంగారావు గారి కిరీటం, ముందు పళ్లేలు, నోట్లోకి ఎగిరొచ్చే లడ్లు. వీటిలో దేన్ని కోద్దాం?

మా రోజుల్లో సినిమాని బట్టి ప్రొజెక్టర్ గేటు దగ్గర, అంటే ఫిల్మ్ వెలుతురు ముందు నుంచి సాగే చోట, బొమ్మ ఆకారాన్ని నిర్ణయించే రేకు మార్చేవాళ్లం, లెన్సు మార్చేవాళ్లం. తెరకి రెండు వైపులా నల్లగుడ్డ ఉండేది. పాత సినిమా అయితే దాన్ని లోపలికి లాగేవాళ్లు, ఖాళీ కనబడేది కాదు. మా చిన్న హాల్లో ఆ గుడ్డ లేదు. కుట్టించమని మావాళ్లని అడుగుతూనే ఉన్నాను.

ఇక రంగుల సంగతి. ‘మాయాబజార్’ రంగుల్లో 2010 జనవరి 30న విడుదలైంది. దాని వెనుక చాలామంది కష్టం ఉంది. ఆ రూపంలోనే ఈ సినిమాని మొదటిసారి చూసిన పిల్లలు ఎందరో ఉన్నారు కాబట్టి దాన్ని చిన్నచూపు చూడను. కానీ మూడు గంటల నాలుగు నిమిషాల సినిమా అందులో రెండుముప్పావు గంటలకి తగ్గిపోయింది, బొమ్మని స్కోప్ కొలతకి మార్చారు. అన్నిటికన్నా ముఖ్యం వెలుతురు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే రంగులు లేకుండానే పట్టుచీరనీ రాతిగోడనీ ఆభరణాన్నీ వేరు చేసి చూపాలి. చేతిలో ఉన్నది వెలుగూ నీడా మాత్రమే. ఆ పడవ పాటలో వెన్నెల అలా పుట్టిందే. మనిషిని వెనుక గోడ నుంచి విడదీసే పని వెలుతురే చేసిపెట్టాక, మళ్లీ రంగు అదే పని చేయబోతే ఆ వెలుతురు కంటికి ఆనదు. అందుకే మేం నలుపు తెలుపు కాపీయే వేస్తాం. ఇకముందూ అదే వేస్తాం. మీ అబ్బాయిని ఈసారి నా పక్కన కూర్చోమనండి, చూపించి చెబుతాను.

ప్రశ్న: ఇంట్లో పెద్ద టీవీ ఉంది. పాత సినిమాలన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. గాజువాక నుంచి ఆ ట్రాఫిక్‌లో సిరిపురం రావాలా?
– ఒక ఉక్కు కర్మాగార ఉద్యోగి

జవాబు: ప్రతి సినిమాకీ రానక్కర్లేదు సార్. ఏడాదికి ఒక్కటి చూసినా చాలు, ఆ ఒక్కటీ కామెడీ ఎంచుకోండి. ‘గుండమ్మ కథ’ (1962) ఇంట్లో చూస్తే అక్కడక్కడా నెమ్మదిగా అనిపిస్తుంది. రమణారెడ్డి ఒక మాట అని ఆగుతారు, సూర్యకాంతం ఒక చూపు చూసి ఆగుతారు. హాల్లో ఆ ఆగిన చోటల్లా నవ్వు పడుతుంది. జనం నవ్వు ఆగేసరికి తర్వాతి మాట మొదలవుతుంది. ప్రొజెక్టర్ గది కిటికీలోంచి ఇది ఎన్నోసార్లు విన్నాను. ఇంట్లో ఒక్కరే చూసినప్పుడు ఆ జాగా ఖాళీగా ఉండిపోయి, సినిమా సాగుతోందని మనం అనుకుంటాం.

యూట్యూబ్‌లో చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త: ముందు నిడివి చూసుకోండి. టీవీ కోసం కత్తిరించిన కాపీలు చాలా తిరుగుతున్నాయి. పాట చరణం ఎగిరిపోయినా మనకి తెలియదు.

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాం. మా డిపార్ట్‌మెంట్‌లో పాత సినిమాలు వేయాలనుంది. పర్మిషన్ల గురించి తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఇద్దరు విద్యార్థినులు

జవాబు: మీలాంటివాళ్లు రాస్తే నాకు పండగే తల్లీ. మన దేశంలో సినిమా మీద కాపీరైట్ అరవై ఏళ్లు. విడుదలైన మరుసటి ఏడాది జనవరి నుంచి లెక్క. 1957 నాటి సినిమాకి 2017తో ఆ గడువు తీరింది. అయితే పాటల రచనకీ సంగీతానికీ లెక్క వేరు, రచయిత మరణించాక అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. గడువు తీరని సినిమాకైతే హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కుని రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే, దాన్ని హాల్లో నలుగురికి వేయకూడదు.

అసలు కష్టం మంచి కాపీ దొరకడం. పుణెలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, డిపార్ట్‌మెంట్ తరఫున ఉత్తరం రాయండి. ఫిల్మ్ సొసైటీల సమాఖ్య కూడా ఉంది. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా మొదలైంది. కాలేజీ క్లబ్బులనీ చేర్చుకుంటారు.

గది సంగతి కూడా చూసుకోండి. కిటికీలకి నల్ల కాగితం అంటించండి. పాత సినిమాల శబ్దం మోనో, అంటే మాట ఒకేచోటి నుంచి రావాలి. స్పీకర్లు గది నాలుగు మూలలా పెట్టకుండా ఒక్కటే తెర కింద మధ్యలో పెట్టండి. మనిషి తెర మీద మాట్లాడుతుంటే గొంతు మన వీపు వెనుక నుంచి వస్తే మనసు నిలవదు. పాటలు దాటేయమని ఎవరడిగినా ఒప్పుకోకండి. ఇంటర్వెల్ సినిమాలో విశ్రాంతి కార్డు పడినచోటే ఇవ్వండి.

మొదటి సినిమాగా ‘మరో చరిత్ర’ (1978) వేస్తే మీవాళ్లంతా వస్తారు. మన వైజాగ్, భీమిలిల్లో తీసిన సినిమా కదా. దానికి హక్కుల గడువు తీరలేదు, అనుమతి తప్పనిసరి.

ప్రశ్న: ‘పోకిరి’ లాంటి రీ రిలీజులకి కాగితాలు ఎగరేసి కేకలు వేస్తున్నారు. మీలాంటివారికి అది నచ్చదేమో?
– ఒక డిగ్రీ విద్యార్థి, మధురవాడ

జవాబు: ఎందుకు నచ్చదు? 2022 ఆగస్టులో ‘పోకిరి’ స్పెషల్ షోలకి జనం ఎగబడ్డారంటే, పాత సినిమా కోసం హాలు నింపవచ్చని తేలినట్టే. నా బాధల్లా అభిమాన సంఘం లేని సినిమాల గురించే. ‘మా భూమి’కి, ‘దాసి’కి, ‘సుడిగుండాలు’కి బ్యానర్ కట్టేదెవరు? నువ్వూ నీ స్నేహితులూ అలాంటిది ఒక్కటి ఎంచుకుని మాకు రాయండి, మేం వేస్తాం. కేకలు వేసినా సరే.

ప్రశ్న: ఏడేళ్ల పాపకి మొదటి పాత సినిమా ఏది చూపించాలి?
– ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: ‘పాతాళ భైరవి’ (1951). మూడు గంటలు దాటుతుంది కాబట్టి ముందు కడుపునిండా అన్నం పెట్టి తీసుకురండి. నేపాళ మాంత్రికుడు వచ్చినప్పుడు పాప భయపడితే తన కళ్లు మీరు మూయకండి, కాసేపటికి తనే చూస్తుంది. మా హాల్లో పిల్లలకి టికెట్ అక్కర్లేదు.